కొబ్బరి చిప్పల్లో పోసిన సిమెంటు

“కొట్టు, పెద్దతల్లీ. నా మొగమేటి సూత్తావు? ముందు ఎడం పక్కది కొట్టు.”

ఫిలిప్పు మేస్త్రి నేలమీద పెట్టిన రెండు సిమెంటు ముద్దలూ కొబ్బరి చిప్పల్లో పోసి తీసినవి. నాలుగు వానాకాలాలు అవి పెద్దతల్లి చేపలు ఊరేసే పీపాలో వలతాడుకు వేలాడాయి. ఒక్కోదానిలో ఒక్కో ఇనుప మేకు దాచానని అతను ఇప్పుడే చెప్పాడు.

భావనపాడులో ఆమెకు ఉప్పుచేపల తొట్టి రెండుసార్లు కట్టింది అతనే. మొదటిది తొంభై ఎనిమిదిలో. రెండేళ్లకే ఉప్పునీరు గోడలోకి దిగి, లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, సిమెంటును పెచ్చులుగా నెట్టేసింది. తుప్పు మరక పడిన చేపను ఎవరు ముట్టుకుంటారు? రెండోసారి సిమెంటు ఎక్కువ పోశాడు. అదీ అంతే అయింది. మూడోదీ పోతే తాపీ వదిలేస్తానని అతను కట్టడం ఆపేశాడు. అప్పటినుంచి ఆమె పీపాలతో నెట్టుకొస్తోంది.

పూండిలో ఒక ఉప్పు గోదాము ఉంది. దాని గచ్చులో నందిగాం తాపీ పనివాడు వరహాలు ఊక బూడిద కలుపుతుంటే, సిమెంటు మింగేస్తున్నావు దొంగా అని ఫిలిప్పు పదిమందిలో తిట్టాడు. ఏళ్ల తరవాత అటు వెళితే, ఆ గచ్చు పెచ్చు లేవలేదు. ఆ రోజు నుంచి అతనికి బూడిద పిచ్చి పట్టింది. మంట ఎక్కువై తెల్లగా మాడినది పనికిరాలేదు. నిదానంగా కాలిన బూడిదను పిండిలా నూరి, గుడ్డలో జల్లించి, సిమెంటు కొంత తగ్గించి అందులో కలిపి, ఆ ముద్దను ఉత్త సిమెంటు ముద్ద పక్కనే పీపాలో వేలాడదీశాడు. రేవులో అందరూ నవ్వారు: “ఏటి మావా, రాళ్ళు ఊరేసి కూరొండుకుంటావా?”

పెద్దతల్లి సుత్తి ఎత్తింది. ఉత్త సిమెంటు ముద్ద ఒక్క దెబ్బకే రెండైంది. మేకు ఎర్రటి పొడిగా రాలింది.

బూడిద కలిపిన కుడిపక్కది మొదటి దెబ్బకు సుత్తినే వెనక్కి తోసింది. నాలుగో దెబ్బకు విరిగింది. మేకు కొట్లో కొన్న నాటిలాగే మెరుస్తోంది.

ఆమె కళ్లతో ఆగలేదు. ముప్పై ఏళ్లుగా చేప ఊరిందో లేదో నాలుకతో తేల్చే మనిషి. విరిగిన ముక్క అంచుకు నాలుక ఆనించింది, ఉప్పు. నడిమికి ఆనించింది. మళ్లీ ఆనించింది. నాలుగేళ్లు ఉప్పులో నానిన రాయి నడుమ వట్టి మట్టి రుచి. ముక్కను రెండు చేతుల్లోకి తీసుకుంది.

“మేస్త్రీ, లోపలికి సముద్రం ఎల్లనేదు,” అంది. “తొట్టి కట్టీ.”

ఫిలిప్పు తల అడ్డంగా ఊపాడు.

“కడతాను. గానీ వొచ్చే ఆదివారం చర్చి గుడిలో ప్రభువు బల్ల, రొట్టె పంచుతారు. మనిసిని దొంగని తిట్టిన నోటితో ఆ రొట్టె ఎలాగ తినేది? నువ్వు రేపు నందిగాం సేపలట్టుకెల్తావు గదా. ఈ ముక్క వరహాలు సేతిలో ఎట్టు. ఫిలిప్పు తప్పయిందన్నాడని సెప్పు. తొట్టికి బూడిద తనే కలపాలని అడుగు.”