రాయి కాడ మోగిన హారన్

మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కల్పించింది లేదు. నమ్మకుంటే మస్తాన్‌ను అడగండి. ఆ జీపు వాడిదే.

ఫ్యాక్షన్ రోజులు. పొద్దుటూరు పత్తి మిల్లులో సీజన్ పని అయిపోయింది. అప్పుడే కబురొచ్చింది, పులివెందుల ఆస్పత్రిలో నా పెళ్లాం నొప్పులు పడతాందని. తొలికాన్పు. మిల్లులో నాతో పనిచేసిన మస్తాన్ తన పాత జీపులో దించుతానన్నాడు. అన్నోడు నేరుగా పోతాడా? జమ్మలమడుగు మీదుగా తిప్పినాడు. అక్కడ పంక్చర్ షాపు ముందర సిమెంటు ఒంటె ఉందంట, చూడాలంట. ఇంకోచోట యాపచెట్టుకు వేలాడదీసిన స్కూటరు. దాని కింద కూర్చుని టీ. నాకు లోపల మండిపోతాంది. వాడికేమో సీజన్ అయిపోయిన సంబరం.

ముద్దనూరు దాటేసరికి చీకటి పడింది. అక్కడ దావ పక్కన ఒక రాయి నాటినారు. అవతలి పార్టీ నాయకుణ్ణి జీపులో పోతాంటే బాంబులేసి చంపిన తావు అది. ఏ బండి పోయినా ఒకసారి హారన్ కొట్టి పోవాల. అది ఆ దావలో ఆనవాయితీ. మస్తాన్ కొట్టబోయినాడు. నేను చెయ్యి పట్టుకున్నా. మాది ఇవతలి పార్టీ ఊరు. వాళ్ల మనిషికి మేము కొట్టేదేంది?

రాయి దాటినాం... అంతే. జీపు ఆగిపోయింది.

మస్తాన్ బానెట్ లేపి బ్యాటరీ వైరు ఊడదీసినాడు. నేను పక్కన టార్చి పట్టుకున్నా. గాలి లేదు. కీచురాళ్లు కూడా ఉన్నట్టుండి ఆగిపోయినాయి. వైరు ఇంకా వాడి చేతిలోనే ఉంది...

హారన్ మోగింది.

మా జీపుదే. ఒక్కసారి... పొడుగ్గా... సీట్లో ఎవరూ లేరు. ఆ తర్వాత బీడీ వాసన. మా ఇద్దరికీ బీడీ అలవాటు లేదు.

"కొట్టేయప్పా. నీ పార్టీ ఏం మునిగిపోదు," అన్నాడు మస్తాన్.

నాకు భయం కంటే కోపమే ఎక్కువొచ్చింది. "సచ్చినాక గూడా పార్టీయేనా?" అని రాయి మీదికి అరిచినా. కానీ ఆస్పత్రిలో పెళ్లాం... వైరు తగిలించినాక నేనే ఎక్కి హారన్ నొక్కినా. మోగలేదు. గుద్దినా. మోగలేదు. జీపు మాత్రం తాళం తిప్పంగానే స్టార్ట్ అయింది.

ఆస్పత్రికి పోయేసరికి కూతురు పుట్టింది. నా పెళ్లాం నీరసంగా నవ్వింది.

"శానా భయపడినా. నువ్వు కింద హారన్ కొట్టినావు చూడు, పొడుగ్గా ఒక్కసారి... అప్పుడు ధైర్యమొచ్చింది. మళ్లీ ఇంతసేపు యాడుంటివి?"

మేమొచ్చింది ఇప్పుడే. కింద హారన్ కొట్టిందే లేదు.

ఆ హారన్ మళ్లీ మోగలేదు. మెకానిక్ విప్పి చూసి, అంతా బాగానే ఉందన్నాడు.

నా బదులు ఆస్పత్రికి, ఆ రాయి కాడ సచ్చిన వాళ్ల పార్టీ మనిషి పోయినాడని మా ఊర్లో ఎట్లా చెప్పేది? బండి తోలుకొని ఆ దావన పోయినప్పుడల్లా చెయ్యి హారన్ మీదికి పోతాది. పక్కన మా పార్టీవాళ్లు కూర్చునుంటారు. కొట్టాలో... ఊరుకోవాలో... ఇప్పటికీ తెలీక ఒళ్లు మండుతాది.