సబ్బుకు పోని ఘాటు

గురువారం సాయంత్రం పున్నమ్మ మిరపకాయల కల్లం నుంచి వచ్చి, పెరట్లో కుళాయి దగ్గర చతికిలబడి చేతులకు కొబ్బరినూనె రుద్దుకుంటూ ఉంది. కూతురు ధరణి వచ్చి గోడకానుకుని నిలబడింది.

“అమ్మా, రేపట్నుంచి నేనూ నీతో కల్లానికొస్తా. స్కూలుకు పోను” అంది.

పున్నమ్మ తల ఎత్తలేదు. పొద్దున్నుంచి వంచిన మెడ అంత త్వరగా లేవదు. “ఏందే, కొత్తగా?” అని మాత్రం అంది.

ధరణి తొమ్మిదో తరగతి. లెక్కల్లో దిట్ట. ఈ సంగతి పున్నమ్మ అడిగినవాళ్ళకీ చెబుతుంది, అడగనివాళ్ళకీ చెబుతుంది. కల్లంలో పక్కన కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ళకు అది వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. ఆ పిల్ల ఇప్పుడు స్కూలు మానేస్తానంటోంది. సంగతేమిటని పున్నమ్మ గొంతు పెంచితే, సంచిలోంచి మడిచిన పరీక్ష పేపరు తీసి తల్లి ఒళ్ళో పడేసింది.

పేపరు సగం రాసి ఉంది. దాని మీద అడ్డంగా, ఎర్ర సిరాతో, ‘కాపీ’ అని రాసి ఉంది. పున్నమ్మ చదివింది ఐదో తరగతే అయినా ఆ రెండక్షరాలు చదవడానికి అంత చదువు అక్కర్లేదు.

“కొట్టావా?”

“లేదు.”

“మరి?”

“మేడమ్ కొట్టానంది. పేపరు లాక్కుంది. ఇయ్యాల అందరి ముందూ చెప్పి, ఎనక బెంచీలో, తలుపు కాడ కూచోబెట్టింది.”

ఆ బడిలో లెక్కల మేడమ్ పద్మజ మార్కుల ప్రకారం కూర్చోబెడుతుంది. మొదటి పదిమంది ముందు రెండు బెంచీల్లో ఉంటారు. సాయంత్రం గంట కొట్టాక ఆగి వాళ్ళకు విడిగా చెబుతుంది. వెనక వాళ్ళు వెనకే ఉంటారు. ధరణి రెండేళ్ళుగా ముందు బెంచీ దిగలేదు. ఇప్పుడు ఒక్క పూటలో తలుపు దగ్గరికి పోయింది. అది కూడా దొంగ అనే పేరుతో. పిల్ల బడి మానేస్తానందంటే ఆ బెంచీ వల్ల కాదు, ఆ పేరు వల్ల. అది పున్నమ్మకు అర్థమైంది.

ధరణి తండ్రి వెంకటేష్ ట్రాక్టరు డ్రైవరు. సీజన్లో నూజెండ్ల వైపు పోయి పదిరోజులకోసారి వస్తాడు. ఫోన్ చేసి చెబితే, “పంతులమ్మతో మనకు తగువెందుకే? ఏదో ఒకటి సర్దుకోమను” అన్నాడు. సర్దుకోమనడం ఆయనకు బాగా వచ్చిన విద్య. కౌలుకు తీసుకున్న రెండెకరాల మిరపతోటను తామర పురుగు తినేసినప్పుడు కూడా అదే మాట అన్నాడు. ఆ ఏడు నుంచే పున్నమ్మ సొంత కాయ వదిలి జనం కాయకు తొడిమలు తీస్తోంది. కూలి పని మాత్రం ఆమెకు పెళ్ళికి ముందే అలవాటు. అన్నీ కలిపితే ఇరవై ఏళ్ళు. ఆమె చేతివేళ్ళ చివర్లు ఎప్పుడూ ఎర్రగా, నున్నగా ఉంటాయి. వేలిముద్ర వేసే మిషను ఆమె వేళ్ళను ఒక పట్టాన ఒప్పుకోదు.

శుక్రవారం పొద్దున్నే ముఠా మేస్త్రి మౌలాలీ దగ్గరికి పోయి ఆ పూటకు రాలేనంది.

“ఈ పొద్దే మానాల్నా అమ్మాయ్? తేజ కాయ కల్లం నిండా పోసుంది. మాపటికి లారీ వస్తది” అన్నాడు మౌలాలీ.

“పిల్లదాని స్కూల్లో పనుంది బాబాయ్. మధ్యాన్నానికి వచ్చేస్తా.”

“స్కూల్లో పనంటే మధ్యాన్నానికి అయ్యేదా?” అని ఆయన గొణిగాడు కానీ వద్దనలేదు.

వాళ్ళది రొంపిచెర్లకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఊరు. బడి ఆ ఊరికే అవతలి చివర ఉంది. అంతదూరమూ పున్నమ్మ నడుస్తూ తిట్లు కూడబెట్టుకుంది. ‘మీరు చూశారా? చీటీ దొరికిందా? దొరక్కుండా దొంగని ఎట్టా రాస్తారు? మీ పిల్లకైతే ఇట్టానే రాస్తారా?’ ఒక్కొక్క ప్రశ్ననూ రెండేసిసార్లు లోపల అనుకుని గట్టిపరచుకుంది. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె ముందు కలెక్టరు నిలబడినా గడగడలాడేవాడు.

కానీ పద్మజ మేడమ్ క్లాసులో ఉంది. తర్వాత ఇంకో క్లాసు. అటెండరు వరండాలో బల్ల చూపించి కూర్చోమన్నాడు. అక్కడ నీడ ఉంది, గాలి ఉంది. పనిరోజున పొద్దుటిపూట ఊరికే కూర్చోవడం పున్నమ్మకు ఎన్నాళ్ళకో దొరికింది. గోడకు తల ఆనించిందో లేదో నిద్రపట్టేసింది. తిట్లన్నీ ఆ నిద్రలోనే ఎటో పోయాయి.

“ఎవరమ్మా మీరు? ఎవరి కోసం?”

కళ్ళు తెరిస్తే ఎదురుగా మేడమ్. పున్నమ్మ కంగారుగా లేచి, జారిన పైట సర్దుకుని, దారిలో రెండేసిసార్లు వల్లించిన మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాక, “ధరణి వాళ్ళమ్మనండీ” అంది. తన గొంతు తనకే బతిమాలుతున్నట్టు వినిపించి ఒళ్ళు మండింది.

మేడమ్ ఆమెను స్టాఫ్ రూములోకి తీసుకుపోయి కూర్చోమంది. ఆమె మొహమూ పెద్ద తేటగా లేదు. ఒక చేతిలో సుద్దముక్క, ఇంకో చేతిలో యాభై పేపర్ల కట్ట, జీరబోయిన గొంతు.

“మీ అమ్మాయి తెలివైనదేనమ్మా. కాదనను. అందుకే నాకు కోపం ఎక్కువ వచ్చింది. బుధవారం పరీక్ష మొదలై పావుగంట కాలేదు, బయటికి పోతానంది. కుళాయి దగ్గరికి పోయి వచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ పోయింది. పుస్తకాల సంచులన్నీ ఆ కుళాయి పక్కనే పెట్టించాను. మూడుసార్లు అక్కడికి ఎందుకు పోతారు ఎవరైనా?”

“ఎందుకని మీరు అడగలేదాండీ?”

“అడిగాను. కళ్ళు మండుతున్నాయంది. పరీక్ష రోజున పిల్లలకు ఏదో ఒకటి మండుతుందమ్మా, నొప్పిపుడుతుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను.”

ఇరవై ఏళ్ళు అనే మాట పున్నమ్మకు గుచ్చుకుంది. “చీటీ దొరికిందాండీ?” అంది.

“దొరకలేదు. కానీ మాటిమాటికీ కర్చీఫ్ తీసి మొహానికి పెట్టుకుంటోంది. దాంట్లో ఏదో రాసుకుందని లాక్కున్నాను.”

“దాంట్లో ఉందా?”

“లేదు” అని మేడమ్ సొరుగు లాగి కర్చీఫ్ తీసి బల్ల మీద పెట్టింది. “ఇదిగో, తీసుకుపొండి.”

లేత నీలం గుడ్డ, అంచు చుట్టూ తెల్ల కుట్టు. దాన్ని చూడగానే పున్నమ్మకు సంగతంతా అర్థమైంది.

మంగళవారం కల్లంలో తేజ రకం మిరపకాయ పోశారు. అది మామూలు ఘాటు కాదు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోనిదే కూర్చోలేరు. పున్నమ్మ కట్టుకునే పాత చీరపీలిక ఆ పొద్దున చిరిగిపోయింది. దండెం మీద ధరణి కర్చీఫ్ ఆరుతూ కనబడితే అదే పట్టుకుపోయి కట్టుకుంది. సాయంత్రం దాకా ఆ దుమ్మంతా దాని మీదే పడింది. ఇంటికొచ్చి సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికి, ఆరేసి, మర్నాడు తానే మడతపెట్టి పిల్ల చేతికిచ్చింది. సబ్బుకు మురికి పోతుంది. ఘాటు పోదు. కల్లానికి కొత్తగా వచ్చే ప్రతి పిల్లకూ ఆ మాట చెప్పేది పున్నమ్మే. ‘సబ్బు ఒక్కటే పెడితే రాత్రికి కళ్ళు మండి చస్తావే, ముందు నూనె రుద్దు’ అని. తన ఇంట్లో తన పిల్ల దగ్గర మర్చిపోయింది. అలిసిపోయి ఉంది. అంతే. దానికింక వేరే కారణం లేదు.

“తప్పు నాదండీ” అంది పున్నమ్మ. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది.

మేడమ్ కర్చీఫ్ అందుకుని వాసన చూసింది. “సబ్బు వాసనేనమ్మా. తల్లి కదా, పిల్లను వెనకేసుకురావాలని ఉంటుంది, అర్థం చేసుకోగలను.”

అప్పుడు పున్నమ్మకు వరండాలో పోయిన కోపం తిరిగి వచ్చింది. కానీ మాటల్లో రాలేదు. కర్చీఫ్ లాక్కుని, బల్ల మీది నీళ్ళ గ్లాసులో కాస్త తడిపి, తన రెండు కళ్ళనూ గట్టిగా తుడుచుకుంది. తర్వాత చేతులు కిందికి దించి ఊరికే కూర్చుంది. అరనిమిషంలో కళ్ళు చింతనిప్పులయ్యాయి. నీళ్ళు బుగ్గల మీదుగా కారి మెడలోకి పోతున్నాయి. ఆమె తుడుచుకోలేదు.

“ఇరవై ఏళ్ళ నుంచి ఇందులో ఉన్నదాన్ని, నాకే ఇట్టా ఉందండీ. అది పిల్ల. కుళాయి కాడికి పోక యాడికి పోద్ది?”

మేడమ్ లేచి నిలబడింది. “అయ్యో, కడుక్కోండమ్మా, ముందు కడుక్కోండి” అని తనే బయటికి తీసుకుపోయి కుళాయి తిప్పింది. అదే కుళాయి.

తిరిగి వచ్చాక మేడమ్ చాలాసేపు పేపర్ల కట్ట సర్దింది. చివరికి, “రేపు శనివారం మళ్ళీ రాయమనండి. వేరే పేపరిస్తాను. ఇక్కడే, ఒక్కతే కూర్చుని రాయాలి” అంది.

“ఆ ఎర్ర సిరా రాతండీ?”

“అది రిజిస్టరులో కూడా ఎక్కిందమ్మా. హెడ్మాస్టరు గారితో మాట్లాడాలి. చూద్దాం.”

“పిల్లలందరి ముందూ దొంగన్నారు. అది కాదని కూడా వాళ్ళ ముందే అనండి.”

“చూద్దామమ్మా” అంది మేడమ్ మళ్ళీ. గంట కొట్టారు. ఆమె సుద్దముక్క తీసుకుని వెళ్ళిపోయింది.

గెలిచినట్టా, ఓడినట్టా? పున్నమ్మకు తేలలేదు. తేల్చుకునే ఓపిక కూడా లేదు. ఎండలో నడిచి కల్లానికి పోయి, మౌలాలీ చూపించిన చోట కూర్చుని, చీకటి పడేదాకా తొడిమలు తీసింది. లెక్కల్లో దిట్ట అనే మాట ఆ పూట ఎత్తలేదు.

ఇంటికొచ్చాక ధరణిని దగ్గరికి పిలిచింది. కర్చీఫ్ చూపించి, “దీనివల్లేనని నీకు తెలుసా?” అంది.

పిల్ల తల వంచుకుంది. “మొదటిసారి తుడుచుకున్నప్పుడే తెలిసింది. మిరపకాయ మంట నాకు తెలవదా?”

“తెలిసీ రెండోసారి ఎందుకు తుడుచుకున్నావే?”

“నీళ్ళు కారతంటే పేపరు తడిసిపోతంది. ఇంకేం పెట్టి తుడుచుకోను?”

“మరి మేడమ్‌కి చెప్పొచ్చుగా, మా అమ్మ కల్లంలో కట్టుకుందని? నాకన్నా చెప్పొచ్చుగా? దొంగని రాస్తంటే నోరు మూసుకుని కూచుంటావా? మా అమ్మ మిరపకాయల కూలీ అని చెప్పడానికి సిగ్గేసిందా?”

“సిగ్గు కాదు.”

“మరేంది?”

“నేను నాలుగులో ఉన్నప్పుడు నువ్వు నా మొహం కడిగితే కళ్ళు మండినయ్. గుర్తుందా? ఆ సీజన్ అయిందాకా నువ్వు నన్ను ముట్టుకోలా. మూడు నెలలు. జడ కూడా పక్కింటి పిన్నే ఏసింది. ఇప్పుడు చెప్తే మళ్ళీ అట్టానే చేస్తావు.”

పున్నమ్మకు గుర్తుంది. పిల్ల బాగు కోరి చేసిన పని అది. మూడు నెలలూ పిల్ల దగ్గరికి వస్తే చేతులు వెనక్కి దాచుకునేది. అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్ల, దానికేం తెలుస్తుందిలే అనుకుంది. ఆ పిల్ల దాన్ని ఇన్నేళ్ళు మనసులో పెట్టుకుంది. దొంగ అనిపించుకోవడం కన్నా అదే పెద్ద కష్టమనుకుంది. పున్నమ్మ కంచాలు పెట్టి, “అన్నం తిందాం రా” అంది.

శనివారం పొద్దున ధరణి యూనిఫాం వేసుకుని, దువ్వెన పట్టుకుని వచ్చి తల్లి ముందు వీపు తిప్పి కూర్చుంది. పున్నమ్మ చేతులకు నూనె రుద్ది, సబ్బు పెట్టి కడుక్కుని, తుడుచుకుని, చూపుడువేలు తన కంటి కొసకు తాకించి చూసుకుంది. చురుక్కుమంది.

“టైమవుతంది అమ్మా” అంది ధరణి, వెనక్కి తిరక్కుండానే.

“ఉండు, వస్తన్నా” అని పున్నమ్మ మళ్ళీ నూనె సీసా అందుకుంది.