రాజ్యలక్ష్మి గారు గ్రాఫిక్స్ కార్డు కొన్న తీరు

కొత్త గ్రాఫిక్స్ కార్డు మొదటిసారి వేడెక్కినప్పుడు ఒక వాసన వస్తుంది, ఎండలో నిలిపిన కొత్త కారు తలుపు తీసినట్టు. ఈ ఉదయం బాపట్లలో నా ఎడిటింగ్ గదిలో ఆ వాసన తగలగానే రాజ్యలక్ష్మి గారు గుర్తొచ్చారు. వెంటనే, ఆవిడ బతికుండగా వచ్చినట్టే, విసుగూ వచ్చింది.

ఆవిడది అమృతలూరు దగ్గర పొలాలున్న కుటుంబం. పొలం కౌలుకిచ్చి తెనాలిలో పెళ్ళి వీడియోల స్టూడియో పెట్టారు. చదువు కాగానే నేను చేరింది అక్కడే. నాకు పని నేర్పింది ఆవిడే, ఓపిక నశింపజేసిందీ ఆవిడే. ఏ వస్తువునూ ఒక్కచోట చూసి కొనరు. కూర్చునే కుర్చీ కోసం కూడా మూడు ఊళ్ళు తిప్పారు నన్ను.

ఒక వేసవిలో మా కంప్యూటర్లో పాత గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద బొమ్మల భారమంతా మోసే భాగం, పని మధ్యలో చచ్చిపోయింది. అప్పుడు చేస్తున్నది చెరుకుపల్లి వాళ్ళ పెళ్ళి. పెళ్ళయిన కొద్ది రోజులకే పెళ్ళికూతురి తండ్రి గుండెపోటుతో పోయారు. ఆ అమ్మాయి ఫోన్ చేసింది. “పెద్దకర్మ నాటికి నాన్న కనిపించే భాగం వరకైనా ఇవ్వండక్కా. మా నాయనమ్మ మంచంలో ఉండి పెళ్ళికి రాలేకపోయింది. ఒక్కసారి కొడుకుని చూపిద్దామని.”

మర్నాడు పొద్దున్నే తెనాలిలో కొట్టుకు వెళ్ళాం. పోటీ కంపెనీల కార్డులు రెండూ ఉన్నాయి. ఒకటి ఖరీదు, ఒకటి చవక. వేగంలో పెద్ద తేడా లేదన్నాడు కొట్టతను. ఏదో ఒకటి తీసుకుందామన్నాను.

“బాపట్లలో ఎంతో చూద్దాం,” అన్నారావిడ.

“ఫోన్లో అడగొచ్చు కదండీ.”

“ఫోన్లో ధర చెప్తారు. పని చూపించరుగా.”

బస్సెక్కాం. బాపట్లలో లెక్క మారింది. ఖరీదైనది కాస్త దిగింది, చవకది పైకెక్కింది. రాజ్యలక్ష్మి గారు సంచిలోంచి హార్డ్ డిస్కు తీసి, ఆ పెళ్ళి వీడియోనే రెండు కార్డుల మీదా నడిపించారు. “పెట్టె మీద అంకెలు ఆటలాడుకునేవాళ్ళకి. మన పని మన వీడియోతోనే చూడాలి,” అన్నారు. మా పనికి ఖరీదైనదే చాలా ముందుంది. హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ కొట్టతన్ని, “మా గదిలో ఏసీ లేదు, ఆపి ఒకసారి చూపిస్తావా బాబూ?” అని అడిగారు. అతను నా వంక చూశాడు. నేను రోడ్డు వంక చూశాను. కుదరదన్నాడతను, మేం రేపల్లె బస్సెక్కాం.

రేపల్లెలో ఆ ఖరీదైన కార్డే రెండు ఊళ్ళకన్నా బాగా తక్కువకు దొరికింది. పెట్టె సీలు కూడా తియ్యలేదు. ఇంకేం కావాలి?

“గంటసేపు నడిపి చూపించు బాబూ,” అన్నారావిడ స్టూలు లాక్కుని.

“ఎల్లుండే పెద్దకర్మ మేడం. ఇప్పుడు బయల్దేరితే సాయంత్రానికి పని మొదలెట్టొచ్చు,” అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

“అందుకే చూద్దామంటున్నా.”

వీడియో ఒకసారి చకచకా పూర్తయింది. కొట్టతను లేచి నిలబడ్డాడు. మళ్ళీ నడపమన్నారు. మూడోసారి, పెళ్ళికూతురి తండ్రి అల్లుడి కాళ్ళు కడగడానికి వంగిన చోట, తెర నిండా పచ్చటి చారలు వచ్చి అంతా నల్లబడిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. కార్డు బయటికి తీస్తే మరలన్నీ అరిగి ఉన్నాయి, ఫ్యాను రెక్కల వెనక దుమ్ము గట్టిపడి ఉంది. ఎవరో రాత్రింబవళ్ళు నడిపి అరగదీసిన కార్డుకి కొత్త పెట్టె తొడిగారు.

“నేనూ కొత్తదనే కొన్నానండి,” అన్నాడతను మొహం చిన్నబుచ్చుకుని.

“నిన్నెవరో ముంచారు నాయనా. నువ్వు ఇంకొకరిని ముంచకు,” అని ఆవిడ సంచి సర్దుకున్నారు.

చివరికి ఆ ఖరీదైన రకమే కొన్నది తెనాలిలో, మొదటి కొట్లో, మొదట చెప్పిన ధరకే. అక్కడా గంట కూర్చున్నాకే. “పొద్దున్నే చెప్పాను కదండీ,” అని నవ్వాడు కొట్టతను. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఇంత తిరిగి ఏం మిగిలిందండీ?” అన్నాను బయటికి వచ్చాక.

“అనుమానం మిగల్లేదుగా,” అన్నారు.

పెద్దకర్మ నాడు మేమే చెరుకుపల్లి వెళ్ళి ఇచ్చాం. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌ను మంచం పక్కన పెట్టింది. ముసలావిడ తెర దగ్గరికి మొహం జరిపి చాలాసేపు చూసి, “చిక్కిపోయాడే,” అంది. రాజ్యలక్ష్మి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తిరుగు దారిలో ఈవిడ మెత్తబడ్డారని నేను అనుకుంటూ ఉండగానే, బస్టాండులో అరటిపళ్ళ బండి ముందు ఆగి, “ఎదుటి బండి దగ్గర డజను ఎంతో కనుక్కురా,” అన్నారు.

నేను పళ్ళు ఒక్క బండి దగ్గరే కొంటాను. కుర్చీ కోసం ఊళ్ళు తిరగను. కానీ ఏ పెళ్ళి వీడియోనూ మొదటినుంచి చివరిదాకా చూడకుండా గడప దాటనివ్వను. ఏ ఇంట్లో ఎవరు, ఏ ఒక్క మనిషి కోసం దాన్ని పెట్టుకుంటారో మనకు తెలియదు. నిన్న సాయంత్రం కూడా అలాగే కూర్చున్నాను. నాతో పనిచేసే శిరీష భుజానికి సంచి తగిలించుకుని నిలబడింది.

“ఈ వీడియో నేనంతా చూశాను కదండీ. బస్సు వెళ్ళిపోతుంది,” అంది.

“ఇంకో బస్సుంది, కూర్చో,” అన్నాను.