ఫిట్స్ వచ్చే పిల్ల

గ్రూప్స్ చదవడానికి అశోక్‌నగర్ హాస్టల్లో చేరిన రోజు అమ్మ చెవిలో చెప్పింది. "ఫిట్స్ సంగతి ఎవ్వరికీ చెప్పకు బిడ్డా. రేపు పెండ్లి కావాలె." అందుకే నారాయణగూడలో కొనుక్కునే మాత్రలు జుట్టు రాలకుండా వేసుకునేవని నా గదిలోనే ఉండే సీనియర్ అక్కకు చెప్పాను.

ఒక మధ్యాహ్నం చిక్కడపల్లి రీడింగ్ హాల్లో అక్క పక్కన కూర్చుని చదువుతుంటే నాకు ఫిట్స్ వచ్చాయి. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. గుప్పిట్లో ఎవరివో తాళాలు, ముక్కు దగ్గర చెప్పు. బట్టలు తడిసిపోయాయి. అక్క తన చున్నీ నా నడుముకు చుట్టి గదికి తీసుకొచ్చింది.

సాయంత్రానికి హాస్టలంతా తెలిసిపోయింది. మెస్సులో నా పక్కనున్న అమ్మాయి పళ్లెం తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లింది. హాస్టల్ ఆంటీ పిలిచి, "మీవాళ్లను రమ్మను బిడ్డా, పిల్లలు భయపడుతున్నరు. మాకెందుకు ఈ పరేషానీ?" అంది.

అక్క అడ్డం వచ్చింది. "ఆమె పోతే నేను గూడ పోత ఆంటీ. పక్కన పండుకునేది నేను. నాకు లేని భయం వీళ్లకెందుకు?"

ఆంటీ గొణుక్కుంటూ వెళ్లిపోయింది. గదిలోకి వచ్చాక అక్క నా మీద విరుచుకుపడింది. "జుట్టు మాత్రలని ఎందుకు చెప్పినవ్?"

"నిజం చెప్తే ఉండనిచ్చేటోళ్లా?"

"నేనైతే ఉండనిచ్చేదాన్ని."

కొన్నాళ్లు హాలుకు వెళ్లలేదు. చివరికి అక్కే లాక్కెళ్లింది. నేను కూర్చోగానే ఎదుటి అబ్బాయి పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. లేచి నిలబడ్డాను.

"నాకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నయి. అంటుకునే రోగం కాదు. మళ్ల వస్తే చేతిల తాళాలు పెట్టకండి, చెప్పు వాసన చూపించకండి, నోట్ల నీళ్లు పోయకండి. పక్కకు తిప్పి, తలకింద మెత్తగ ఏదన్న పెట్టండి. ఎంతకూ తగ్గకపోతే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి."

వెనక ఎవరో నవ్వారు. ఎదుటి అబ్బాయి పుస్తకాలు మళ్లీ బల్ల మీద పెట్టాడు. "ఆ తాళాలు నావే అక్కా," అన్నాడు తలదించుకుని. "మా ఊర్ల గట్లనే చేస్తరు."

అందరూ మారారని చెప్పను. మెస్సులో ఆ అమ్మాయి మళ్లీ నా పక్కన కూర్చోలేదు. ఒకరిద్దరు మాత్రం మందుల గురించి అడిగారు. ఒకామె మెట్ల దగ్గర ఆపి, తన చెల్లెలికీ ఉందనీ, ఇంట్లో దాచారనీ చెప్పింది.

చలికాలంలో ఉద్యోగం రావడంతో అక్క వెళ్లిపోయింది. ఆ తర్వాత హాల్లోనే మళ్లీ ఫిట్స్ వచ్చాయి. తెలివి వచ్చేసరికి పక్కకు తిరిగి ఉన్నాను, తలకింద స్వెటర్. ఎన్నడూ మాట్లాడని అమ్మాయి ఒకతి పక్కన కూర్చుని ఉంది.

"ఇట్ల చేయాలని నీకెవరు చెప్పిన్రు?" అన్నాను మాట తడబడుతూ.

"కొత్తగ చేరినోళ్లకు ఇక్కడ అందరూ చెప్తరక్కా," అంది. "లేస్తవా, జరసేపు పండుకుంటవా?"

చుట్టూ ఎవరి చదువులో వాళ్లున్నారు.

"పండుకుంట," అన్నాను.