పెరటాసిలో తొమ్మిది శేర్లు

ఆ సంవత్సరం సెప్టెంబరు మధ్యలో పెరటాసి నెల వచ్చేసరికి మా ఇంట్లో నాలుగు శేర్ల బియ్యం ఉన్నాయి. ఇది గుర్తుండి చెబుతున్నది కాదు, క్యాలెండర్ గళ్లలో రాసిపెట్టుకున్నది. మా నాయన మదనపల్లె మండీలో తూకాలు వేసేవాడు. కొలవకుండా ఏదీ నమ్మకూడదని చిన్నప్పుడే నేర్పాడు. పెళ్లయి పుంగనూరుకు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు అది. వరుసగా రెండేళ్లు వానల్లేవు. చెరుకు ఎండిపోయింది కాబట్టి బెల్లం లేదు. బెల్లం మూటలు మోసే మా ఆయనకు పనీ లేదు. కుప్పంలో రాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో చేరి, నెల జీతం అందాక వస్తానని చెప్పి వెళ్లాడు. ఆయన రావడానికి ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. ఇంట్లో నేను, మా అత్త, నా ఇద్దరు ఆడపిల్లలు. పొద్దున రాగి సంగటి, రాత్రికి అన్నం. రోజుకు అర శేరు. నాలుగు శేర్లంటే ఎనిమిది రోజులు. తర్వాతి పదహారు రోజుల గళ్లు ఖాళీగా ఉన్నాయి.

అప్పుడు మా అత్త శనివారం తళిగ వేయాలంది.

మా వైపు పెరటాసి శనివారాల్లో వెంకటేశ్వరస్వామికి తళిగ, అంటే అన్నాల నైవేద్యం, వేస్తాం. దానికి బియ్యం కొనకూడదు, ఇంట్లోవి వాడకూడదు. నామాలు పెట్టుకుని, నామం దిద్దిన చెంబు పట్టుకుని, గోవిందా అంటూ ఇల్లిల్లూ తిరిగి అడగాలి. వచ్చిన బియ్యమంతా వండి స్వామికి పెట్టి, వచ్చినవాళ్లందరికీ వడ్డించాలి. అందులో ఒక్క గింజ కూడా ఇంటికి దాచుకోకూడదు.

ఈ ఏడు మానేద్దామన్నాను. వీధిలో చాలామంది మానేస్తున్నారని కూడా చెప్పాను. మా అత్త వాదించలేదు. మా నాలుగు శేర్లలోంచి ఒక పిడికెడు తీసి చెంబులో వేసింది. మొదటి పిడికెడు మాత్రం ఇంటిదే పడాలట. ఇక నేను వెళ్లక తప్పలేదు.

మగవాళ్లు తిరగాల్సిన పని. ఆయన లేడు కాబట్టి పెద్దపిల్ల నుదుట నామం దిద్ది వెంట తీసుకెళ్లాను. దానికి సిగ్గు లేదు. తాళం వేసిన ఇంటి ముందు కూడా గోవిందా అని అరిచి, లోపల ఎవరూ లేరంటే స్వామికి వినపడితే చాలంది. పిడికెడు వేసినవాళ్లున్నారు, సోలెడు వేసినవాళ్లున్నారు. బెల్లం అంగడివాళ్లు చింతపండు, బెల్లం కూడా ఇచ్చారు.

మూల ఇంట్లో పరుపులు కుట్టే సాయిబు తాత ఉండేవాడు. ఆ ఇంటిని దాటి పోతుంటే ఆయనే పిలిచాడు.

"ఏం బేటీ, మా ఇల్లు కనపల్లేదా?"

మీ ఇంట్లో అడగొచ్చో లేదో తెలియలేదు తాతా అన్నాను.

"మీకు స్వామి అయితే మాకు అల్లుడు, మా బిడ్డను చేసుకున్నోడు. అల్లుడికి పెట్టేకి అడగాల్నా?" అని లోపలికి వెళ్లి శేరు నిండా తెచ్చి పోశాడు.

ఇంటికొచ్చి కొలిచాను. సరిగ్గా తొమ్మిది శేర్లు. కరువులో అంత వస్తుందని నేను అనుకోలేదు. మా అత్త ఆశ్చర్యపోలేదు. స్నానానికి వెళ్లింది.

ఆ కాసేపట్లో నేను క్యాలెండర్ తీశాను. పోయిన సంవత్సరం తళిగకు నలభై మంది వచ్చినట్టు రాసుంది. శేరుకు ఎనిమిది మంది చొప్పున ఐదు శేర్లు చాలు. మిగిలిన నాలుగు ఇంట్లో ఉంటే ఇంకో ఎనిమిది రోజులు పిల్లలకు అన్నం. తప్పని తెలుసు. అయినా ఆ నాలుగు శేర్లు గుడ్డలో కట్టి రాగిపిండి డబ్బాలో అడుగుకు తోసి, పైన పిండి కప్పాను. స్వామి దగ్గర తప్పు ఒప్పుకుని, పిల్లల కోసమని సర్దిచెప్పుకున్నాను.

ఐదు శేర్లలో పులిహోర, చక్కెర పొంగలి, దద్దోజనం చేశాను. తళిగ వేసి, పిండి దీపం వెలిగించి, హారతి ఇచ్చి తలుపు తీసేసరికి వీధి నిండా జనం. అప్పుడు అర్థమైంది నా పొరపాటు. నేను చూసింది వానలు పడిన సంవత్సరపు లెక్క. అప్పుడు ప్రతి ఇంట్లోనూ తళిగ ఉండేది, కాబట్టి మా ఇంటికి నలభై మందే వచ్చారు. ఈసారి మిగతా ఇళ్లవాళ్లు మానేసి, తమ పిడికెడు మా చెంబులో వేసి, తినడానికి మా ఇంటికే వచ్చారు.

రెండో వరుస లేచేసరికి గిన్నెల అడుగులు కనిపించాయి. బయట ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. నేను గరిటె పట్టుకుని కదలకుండా ఉంటే మా అత్త వంటింట్లోకి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఆ రాగిపిండి డబ్బాలో ఉండేది తీసి పొయ్యి మీద పెట్టమ్మే. పొద్దున్నుంచి మోచేతుల దాకా పిండి పూసుకోని తిరగతాండావు. నేను సూడలేదనుకుంటివా?"

"పిల్లలకని పెట్టినా అత్తా. మళ్లీ మనకు యాడొస్తాయి?"

"ఇది ఆ సామిది, ఆయప్ప పేరున పోనీ. మనది మనకు వేరేగా ఇస్తాడు."

"ఎప్పుడు?"

"అది నీ క్యాలెండర్లో రాసుండదులే. ముందు ఎసరు పెట్టు."

ఎసరు పెట్టాను. నాలుగు శేర్లూ ఉడికించి, మిగిలిన చింతపండు పులుసు కలిపాను. అన్నం మీద అక్కడక్కడా గుడ్డలోకి దూరిన రాగిపిండి మచ్చలున్నాయి. ఇదేం కొత్త రకం పులిహోరని ఒకామె అడిగితే, మా కోడలు మదనపల్లెలో నేర్చుకుందని మా అత్త మొహం మార్చకుండా చెప్పింది. అందరూ తిన్నారు. లేచిన విస్తర్లు ఎంచాను, డెబ్బై ఒకటి. నాది కలిపితే డెబ్బై రెండు. తొమ్మిది శేర్లకు ఎనిమిది చొప్పున కట్టినా అంతే వస్తుంది. పిల్లలు సగమే తింటారు కాబట్టి అది పక్కా లెక్క కాదు. అయినా రాసుకున్నాను.

ఆ రోజు కడుపు నిండింది గానీ నా గుండె బరువు తగ్గలేదు. మా అత్త మాత్రం పడుకున్న వెంటనే గురక పెట్టింది. దేవుడు చెప్పింది చేసేసి, తర్వాతి సంగతి ఆయనకు వదిలేసినవాళ్ల నిద్ర అది. నాకు ఆ విద్య రాలేదు.

మర్నాడు పొద్దున సాయిబు తాత వచ్చి గడపలో కూర్చున్నాడు. పన్నెండు రోజుల్లో మనవరాలి పెళ్లి. పరుపులు కుట్టించుకునే సేట్లు, అంగళ్లవాళ్లు ఎనభై మంది వస్తారు. వాళ్లు మాంసం ముట్టరు. వాళ్లకు వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో వండాలి. నిన్న తిన్న పులిహోర మీద ఆయన మనసు పడింది.

"ఆ మచ్చల పులిగోరె వద్దు గానీ," అన్నాడు, "మొదట పెట్టింది చెయ్యాల."

నాకు నవ్వు వచ్చింది, సిగ్గూ వచ్చింది. అంతవరకు కూలికి వండింది లేదు. కూలి ఏం కావాలన్నాడు. బియ్యం అన్నాను. సగం మూటకు ఒప్పుకున్నాడు. అప్పటికే మనసులో లెక్క కట్టాను. మా బియ్యం ఇంకో ఎనిమిది రోజులు వస్తాయి, పెళ్లి పన్నెండు రోజులకు. మధ్యలో నాలుగు రోజులకు రెండు శేర్లు తక్కువ. ముందుగా రెండు శేర్లు ఇస్తే చాలు తాతా అన్నాను.

సాయంత్రానికి పది శేర్లు పంపాడు. ఎక్కువ పంపారని వెనక్కి ఇవ్వబోతే మా అత్త సంచి పట్టుకుంది. స్వామి ఇచ్చేటప్పుడు కూడా కొలిచి వెనక్కి పంపే మనిషిని నిన్నొక్కదాన్నే చూశానంది.

పెళ్లిలో ఎనభై మంది అన్నవాళ్లు తొంభై ఆరు మంది వచ్చారు. ఈసారి నేను ముందే వందకు పోశాను. ఆ పెళ్లిలో తిన్న ఒక సేటు తన ఇంట్లో సీమంతానికి పిలిచాడు. అలా మొదలై పదిహేనేళ్లు సదుం, కలకడ, కుప్పం దాకా పోయి వండాను. వాటి లెక్కలన్నీ నా దగ్గర ఉన్నాయి. మా అత్త నమ్మకం కొలవడానికి మాత్రం నాకు ఇప్పటికీ కొలపాత్ర దొరకలేదు.

ఇరవై నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆయన కుప్పం బస్సు దిగి వచ్చాడు. రాతి పొడికి కనుబొమలు తెల్లబడి ఉన్నాయి. భుజాన తువ్వాలులో ఐదు శేర్ల బియ్యం మూటకట్టి ఉంది. చెప్పులు కూడా విడవకుండా, పిల్లలు ఏం తిన్నారని అడిగాడు. అన్నమే అన్నాను. నమ్మలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బా మూత తీశాడు. ముప్పాతిక డబ్బా బియ్యం ఉన్నాయి. తర్వాత తాను తెచ్చిన మూట విప్పి, మెల్లగా అందులోనే పోశాడు.

మా అత్త అప్పటికే ఆయనకు పీట వేసింది.

"మేము బాగనే తింటిమి నాయనా," అంది. "నువ్వే సన్నబడినావు. కూర్చో, ముందు నీకు పెట్టనీ."