పర్మాంగనేటు తొట్టి

మా కోళ్ల ఫారం గేటు దగ్గర నేలమట్టానికి ఒక సిమెంటు తొట్టి కట్టించాను. అందులో ఊదారంగు పర్మాంగనేటు నీళ్లు. వచ్చేవాళ్లు చెప్పులతో సహా అందులో అడుగుపెట్టి లోపలికి రావాలి, రోగం కాళ్లతో రాకుండా. బాపట్ల వ్యవసాయ కాలేజీలో నాలుగేళ్లు చదువుకుని నేను ఊరికి మోసుకొచ్చిన విజ్ఞానమంతా ఆ తొట్టిలోనే ఉంది.

మావాళ్లు మర్యాదస్తులు. తొట్టి కనపడగానే చెప్పులు పక్కన విడిచి, నీళ్లు పాడవకుండా దాటుకుని, ఒట్టికాళ్లతో లోపలికొచ్చేవారు. 'ఇందులో కాళ్లు పెట్టి రండి' అని బోర్డు రాయించాను. బోర్డు చదివి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకుని, దాటుకుని వచ్చారు.

ఆ చలికాలం బాపట్ల వైపు ఒక ఫారంలో కోళ్లు చచ్చిపోతున్నాయని తెలిసింది. మా ఆవిడ అన్నయ్యకి కూడా ఫారం ఉంది, మాకు కాలవ అవతల, రేపల్లె రోడ్డు పక్కన. బావది మెత్తని మనసు. కబురు తెలియగానే మోటారు సైకిలేసుకుని పరామర్శకి వెళ్లాడు. షెడ్డంతా తిరిగి, చచ్చిన కోడిని కాళ్లు పట్టుకుని ఎత్తి చూసి, "అయ్యో" అని, తిన్నగా వచ్చి తన కోళ్లకి మేత వేశాడు.

వారం తిరక్కుండా బావ కోళ్లు తలలు వాల్చేశాయి. ఇక తెనాలి నుంచి రేపల్లె దాకా ఫారం ఉన్న ప్రతివాడూ బావ షెడ్డుకొచ్చి, తలా ఒక కోడిని ఎత్తి చూసి, "అయ్యో" అని, ఎవరి షెడ్డుకి వాళ్లు వెళ్లారు.

నేను వెళ్లలేదు. మా కోళ్లు అప్పుడప్పుడే గుడ్లకొచ్చాయి. నిమ్మకాయంత తొలి గుడ్లు. అవి బతికి బట్టకడితే చాలనుకున్నాను. బావకి ఫోన్ చేసి, "బాధగానే ఉంది బావా, కానీ రాను" అన్నాను.

మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది. అదే ఇబ్బందయింది.

"అన్నయ్య అంత కష్టంలో ఉంటే గడప తొక్కరా?"

"తొక్కితే కాళ్లకి అంటుకుంటుందే."

"ఏంటి, అభిమానమా?"

"వైరస్సు."

"ఈ ఇంట్లో కోళ్లకున్న విలువ మనుషులకి లేదన్నమాట."

కాదనలేదు. అప్పటికి మనుషుల మీద కాస్త విసుగ్గానే ఉన్నాను.

ఆ మధ్యాహ్నమే మా ఆవిడ బాబాయి, బావ షెడ్డులోంచి నేరుగా మా గేటుకొచ్చాడు.

"నువ్వు రాలేదని మీ బావ కళ్లనీళ్లు పెట్టుకున్నాడయ్యా అల్లుడూ," అంటూ చెప్పులు విప్పాడు.

"మావయ్యగారూ, చెప్పులతోనే ఆ నీళ్లలో..."

"అబ్బే, శుభ్రమైన నీళ్లు. పాడుచెయ్యడం దేనికిలే."

ఒక కాలు తొట్టి దాటించాడు. రెండోది దాటకముందే ఆయన్ని బయటికి నెట్టి గేటు వేసేశాను. పెళ్లిళ్లలో ఇప్పటికీ ఆ గేటు గురించి చెప్పుకుంటారు.

బావ కోళ్లది బర్డ్ ఫ్లూనే అని తేలింది. బాపట్ల నుంచి తెల్ల సూట్లేసుకుని అధికారులొచ్చారు. బావ ఫారం చుట్టూ కిలోమీటరు మేర మ్యాపు మీద గీత గీశారు. పశువుల డాక్టరు మా షెడ్డంతా చూశాడు.

"మీవి బాగున్నాయండి. ఇంత శుభ్రమైన ఫారం నేను చూళ్లేదు."

"అయితే వదిలేస్తారాండీ?"

"లేదండి. గీత లోపలున్నాయి."

ఆయన తప్పేం లేదు. గీత లోపల ఉన్నవాటిని ఏం చెయ్యాలో పరీక్షలో నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. సాయంత్రానికి అన్నిటినీ చంపి గోతిలో వేసి సున్నం చల్లారు.

రోగం వలస పక్షులతో వచ్చి ఉంటుందన్నారు. అయ్యుండొచ్చు. మోటారు సైకిలెక్కే పక్షి మాత్రం నాకు ఒక్కటే తెలుసు.

రెండు రోజుల తర్వాత బావ నన్ను పరామర్శించడానికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. గేటు దగ్గర ఆగి, బోర్డు చదివాడు. చెప్పులు విప్పబోయి, మానేశాడు. ప్యాంటు పైకి మడిచి, చెప్పులతోనే రెండు కాళ్లూ తొట్టిలో పెట్టి నిలబడ్డాడు.

"ఎంతసేపుండాలి బావా?"

వెనక షెడ్డులో ఒక్క కోడి కూడా లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"అరనిమిషం," అన్నాను.

బావ వాచీ చూసుకున్నాడు.