ఈనిడ్ గార్బట్ చేయని పని

ఈనిడ్ గార్బట్ ముప్పై ఒక్క సంవత్సరాలు చేపల షెడ్డులో కత్తి పట్టిన మనిషి. ఇంగ్లండులోని మా హల్ రేవులో చేపల పడవలు తగ్గిపోయి షెడ్డు మూతపడే నాటికి ఆమెకు యాభై ఆరేళ్లు. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మా రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. ఆమె వెనకగదిలో ఎవరైనా దగ్గితే నా వంటింట్లోకి వినపడేది.

నోరు మంచిది కాదు ఈనిడ్‌కి. చేతులు మంచివి. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆమె సూప్ గిన్నె వెళ్లేది, వెనకాల ఆమె తిట్లు వెళ్లేవి.

వీధి చివర క్లారెన్స్ స్లైట్ అనే ముసలాయన ఉండేవాడు. ట్రాలర్లనే పెద్ద చేపల పడవల మీద వల లాగే పని చేసినవాడు. ఎవరితోనూ పడదు. పంతొమ్మిది వందల తొంభై ఆరులో, పెద్ద వర్షాలకి ఆయన ఇంటి పైకప్పు కూలింది. కౌన్సిల్ వాళ్లు వృద్ధాశ్రమానికి రమ్మంటే ఊతకర్ర ఎత్తాడు. సామానంతా తడిసిపోయి రోడ్డు మీద ఉంది. మేమందరం కిటికీల్లోంచి చూస్తున్నాం. ఈనిడ్ ఒక్కతే ఏప్రన్ తోనే వెళ్లింది.

"ఏం కెప్టెన్ దొరా, ఇక్కడే మునిగిపోదామనుకుంటున్నావా? లే. నా వెనకగది ఖాళీగా ఉంది. కప్పు బాగయ్యేదాకా ఉండు."

"నీ వంట తినాలా?"

"తినకపోతే చావు."

ఆ కప్పు ఎవరూ బాగు చేయించలేదు. క్లారెన్స్ ఆ గదిలో పద్నాలుగు నెలలు ఉన్నాడు. మొదట్లో బాగానే ఉన్నారిద్దరూ. పొద్దున్నే పోట్లాట, మధ్యాహ్నం పేకాట. తర్వాత ఆయన కాళ్లు వాచాయి. మంచం దిగడం మానేశాడు. డాక్టరు మాట ఎత్తితే, "ఆ కోటువాడు గడప తొక్కాడంటే పొడుస్తా" అనేవాడు. సంక్షేమ శాఖ నుంచి ఒకావిడ వచ్చి తలుపు కొడితే ఈనిడ్ గుమ్మంలోనే నిలబెట్టి, "మాకేం లోటు లేదమ్మా, వెళ్లిరా" అని పంపేసింది. ఆయనకి మాటిచ్చిందట, ఎవరినీ రానివ్వనని.

జనవరిలో ఈనిడ్‌కే ఛాతీలో జబ్బు చేసింది. మెట్లెక్కితే ఆయాసం. ఆ స్థితిలోనే ఒకరోజు దుప్పటి మార్చబోతే ఆయన వేడి టీ మొహాన విసిరాడు. బుగ్గ బొబ్బలెక్కింది. ఆ రోజు నుంచి ఆమె లోపలికి వెళ్లలేదు. గది తలుపు కాస్త తెరిచి, పళ్లెం లోపలికి నెట్టి వచ్చేసేది.

మూడో రోజు నుంచి గోడలోంచి ఆయన గొంతు వినపడడం మొదలైంది. "లాగండ్రా, వల లాగండి" అని అరుపు. కాసేపటికి "అమ్మా, చలేస్తోందే" అని చిన్నపిల్లాడిలా ఏడుపు. పట్టపగలే. నేను టీవీ గొంతు పెంచాను.

దుకాణం దగ్గర ఈనిడ్ కనిపిస్తే అడిగాను. "ఏమే, మీ ముసలాయన తెగ అరుస్తున్నాడు?"

"అరవనీ మ్యూరియల్. అరుస్తున్నాడంటే బతికున్నట్టేగా."

ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

తొమ్మిదో రోజు పొద్దున ఈనిడ్ మా తలుపు కొట్టింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "అరుపులు ఆగిపోయాయి. నాతో ఒకసారి రా" అంది. తలుపు వెనక నాలుగు పళ్లేలు ముట్టనివి ముట్టనట్టే ఉన్నాయి. క్లారెన్స్ గోడవైపు తిరిగి చచ్చిపడి ఉన్నాడు. వీపంతా పుళ్లు పడి, పక్కగుడ్డ ఒంటికి అంటుకుపోయింది. ఆ వాసన గురించి రాయను.

పోలీసులు వచ్చారు. మాట్లాడనవసరం లేదనీ, అయితే ఇప్పుడు దాచి తర్వాత కోర్టులో చెప్పుకుంటే తనకే నష్టం కావచ్చనీ ఈనిడ్‌కి చెప్పారు. ఆమె అన్నీ చెప్పేసింది. ఘోర నిర్లక్ష్యం వల్ల నరహత్య అని కేసు పెట్టారు. హత్య కాదు, చంపాలన్న బుద్ధి ఆమెకు లేదని వాళ్లకీ తెలుసు. బెయిలు ఇచ్చారు గానీ సాక్షులతో మాట్లాడకూడదన్నారు. సాక్షిని నేనే. ఏడు నెలలు పక్కపక్కనే ఉంటూ, ఎదురుపడితే తలలు దించుకుని పోయాం.

కోర్టులో ప్రాసిక్యూషన్ లాయరు నన్ను అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పాను. వల లాగమన్న అరుపులు, అమ్మా అన్న ఏడుపు, దుకాణం దగ్గరి మాట. ఆ మాట చెప్పినప్పుడు జ్యూరీలో ఒకావిడ కళ్లు మూసుకుంది. ఈనిడ్ తరఫు లాయరు లేచాడు.

"గోడకి ఇవతల మీరు ఇవన్నీ విన్నారు కదా. ఏం చేశారు?"

"టీవీ గొంతు పెంచానండి."

"డాక్టరుకి ఫోన్ చేశారా?"

"లేదండి."

జడ్జి కల్పించుకున్నాడు. "ఇక్కడ విచారణలో ఉన్నది సాక్షి కాదు" అన్నాడు.

నేను దిగి వెనక బెంచీలో కూర్చున్నాను. చివరి రోజు జడ్జి జ్యూరీకి వివరించాడు. నిందితురాలు నిర్దోషినని రుజువు చేసుకోనక్కర్లేదు, నేరం జరిగిందని మీకు నిశ్చయం కలిగించాల్సిన భారం ప్రాసిక్యూషన్‌ది అన్నాడు. మామూలుగా ఒక పని చేయకపోవడం నేరం కాదు, చెరువులో పరాయి బిడ్డ మునిగిపోతుంటే చూస్తూ నడిచిపోయినవాణ్ణి కూడా మన చట్టం శిక్షించదు అన్నాడు. కానీ ఒక నిస్సహాయుణ్ణి చూసుకుంటానని తలకెత్తుకున్నవాళ్లు దాన్ని మధ్యలో వదిలేయడానికి వీల్లేదు. తెలివిలో ఉన్న మనిషి వైద్యం వద్దంటే అది ఆయన హక్కు. మతి తప్పాక కూడా వద్దన్నట్టేనా? ఆమె వదిలేయడం వల్లనే చనిపోయాడా? వదిలేయడం నేరమనేంత ఘోరంగా ఉందా? ఇవి మీరు తేల్చాలి అన్నాడు.

ఆ అరుపుల సంగతి చెప్పి, ఆయనకి మతి తప్పిందని తెలిపింది నేనే.

జ్యూరీ రెండు రోజులు తేల్చుకోలేకపోయింది. చివరికి పన్నెండు మందిలో పది మంది ఒప్పుకున్నా చాలని జడ్జి అన్నాక, పది మంది దోషి అన్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు. రెండేళ్ల జైలు. ఏడాది ఉండి బయటికొచ్చింది. మా వీధికి మాత్రం తిరిగి రాలేదు. విథర్న్‌సీలో మేనకోడలి ఇంటి దగ్గర ఒక గది అద్దెకు తీసుకుంది.

వెళ్లడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. తలుపు తీసి, "ఓహో, ప్రాసిక్యూషన్ వారు వచ్చారా? కాళ్లు తుడుచుకో" అంది. బాగా చిక్కిపోయింది. టీ ఇచ్చింది.

"నా మీద కోపంగా ఉందా?"

"నిజం చెప్పినదాని మీద కోపమెందుకే. మా లాయరు ఓల్డ్‌రాయిడ్ మొదటి రోజే అన్నాడు. ఆ ముసలాణ్ణి రోడ్డు మీదే వదిలేసి ఉంటే నన్ను అడిగేవాడే లేడట. ఇంటికి తెచ్చుకున్నందుకే ఇదంతా."

"మరి ముందే తెలిసుంటే తెచ్చుకునేదానివి కాదా?"

"తెచ్చేదాన్నే. అది కాదు నా బాధ. ఆ తొమ్మిది రోజులూ నాకు తెలుసు మ్యూరియల్. తలుపు పూర్తిగా తీస్తే చూడాలి, చూస్తే ఏదో ఒకటి చేయాలి. నాకు ఓపిక లేదు. అందుకే తీయలేదు. ఆ పదిమందీ తప్పేం చెప్పలేదు. నువ్వు వెళ్లు, నీ బస్సు పోతుంది."

ఆ మరుసటి ఫిబ్రవరిలో ఛాతీ జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో పోయింది. అంత్యక్రియలకి నలుగురం వచ్చాం. మేనకోడలు, ఆమె భర్త, నేను, ఓల్డ్‌రాయిడ్. అన్నీ అయ్యాక బయట ఓల్డ్‌రాయిడ్ చేతి తొడుగులు వేసుకుంటుంటే దగ్గరికి వెళ్లాను.

"అయ్యా, ఒక్క మాట. నేను కూడా విన్నాను కదా. చట్టంలో నా మీద ఏదీ లేదా?"

"లేదమ్మా. ఏమీ లేదు" అన్నాడు.

ఆయన రెండో తొడుగు వేసుకుని కారు దగ్గరికి నడిచాడు. నేను బస్‌స్టాపుకి వెళ్లాను.